అత్తగారికి నచ్చిన బ్యాటరీ

మాస్టారి ఇంట్లో అత్తగారూ అల్లుడూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవారు కారు. తగాదా ఏమీ లేదు. ఆవిడకు అల్లుడంటే గౌరవం, ఆయనకు అత్తగారంటే మొహమాటం. ఆ రెండూ పెళ్లయిన కొత్తలో ఎక్కడ నిలబడ్డాయో ఇన్నేళ్లయినా అక్కడే నిలబడి ఉన్నాయి. మధ్యలో మాస్టారి భార్య అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేస్తూ ఉండేది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా సరే, "కూర ఇంకాస్త వేసుకోమనవే" అని అత్తగారు కూతురితో అనేవారు. "చాలని చెప్పు" అని మాస్టారు భార్యతో అనేవారు. "చాలుట అమ్మా", "వేసుకోవాలిటండీ" అంటూ ఆమె ఇద్దరికీ తర్జుమా చేసేది. ఈలోగా ఆమె కంచంలో అన్నం చల్లారిపోయేది.

వానాకాలంలో ఆమె పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అంతకన్నా ఎక్కువ మాస్టారు ఎవరితోనూ చెప్పలేదు.

ఆమె లేకపోయినా ఆ "ట" మాత్రం ఇంట్లో మిగిలిపోయింది. "టీ చల్లారిపోతోందిట" అని అత్తగారు వంటింటి గుమ్మంలోంచి గోడతో అనేవారు. "వస్తున్నారుట" అని మాస్టారు పేపరు వెనకనుంచి అనేవారు. మాస్టారు బడిలో తెలుగు చెబుతారు. వాక్యం చివర ట చేరిస్తే ఆ మాట తనది కాదనీ, ఇంకెవరో అనగా విన్నదనీ అర్థమని ఏటా పిల్లలకు పాఠం చెబుతారు. తన ఇంట్లో ఆ మాట అంటున్నది ఎవరో మాత్రం ఆయన ఆలోచించదలుచుకోలేదు.

ఇంటి ముందు వసారాలో ఆమె మోటారు సైకిల్ ఉంది. నీటి మీటర్లు చూసే ఉద్యోగం ఆమెది. ఊరంతా ఆ బండి మీదే తిరిగేది. మాస్టారికి బండి రాదు. వెనక సీటు మీద, ఒక చేత్తో గొడుగూ ఇంకో చేత్తో పిల్లల పరీక్ష పేపర్ల కట్టా పట్టుకుని కూర్చోవడం మాత్రం బాగా వచ్చు. "మాస్టారి డ్రైవరు" అని తోటి టీచర్లు ఆమెను ఆటపట్టించేవారు. "నేను డ్రైవర్ని కాను, ఆయన లగేజీ" అనేదామె.

వానాకాలం నుంచీ బండిని ఎవరూ కదపలేదు. అది అలాగే ఉండిపోయేది కూడా, బావమరిది ఫోను చేయకపోతే.

"బావా, బండి స్టార్టవుతోందా?"

"లేదు. మీట నొక్కితే టిక్కుమని ఊరుకుంటోంది."

"అయితే బ్యాటరీ. ఆ మోడలుకి కిక్కు రాడ్డు కూడా లేదు, బ్యాటరీ లేకపోతే అది ఇనప సామానే. మంచిది చూసి వేయించండి. వచ్చే ఆదివారం వస్తాను. అమ్మనెక్కించుకుని దాని మీదే మా ఊరికి తిరిగొచ్చేస్తాను."

బండి బావమరిదికి ఇచ్చేద్దామని బావా బావమరుదులిద్దరూ ఎప్పుడో అనుకున్నదే. అమ్మను బండి మీద ఎందుకు తీసుకెళ్లాలంటే ఆవిడకు బస్సు పడదు. కారు అంతకన్నా పడదు. తలుపులూ కిటికీలూ ఉండి కదిలేది ఏదైనా సరే, ఎక్కిన వీధి దాటకముందే ఆవిడ కడుపు తిరగబడుతుంది. మొహానికి గాలి తగిలే మోటారు సైకిల్ మీద మాత్రం ఎంత దూరమైనా నిటారుగా కూర్చుంటారు. బావమరిదికి ఉన్నదల్లా చిన్న స్కూటరు, అది వాళ్ల ఊరి పొలిమేర దాటదు. కాబట్టి లెక్క తేలిపోయింది. బండి లేస్తే అత్తగారు వెళ్తారు. లేవనన్నాళ్లూ ఉంటారు.

ఫోను అత్తగారి చేతికి వెళ్లింది. ఆవిడకు చెవి కాస్త మందం, అందుకని స్పీకరులో పెట్టి మాట్లాడతారు. గదిలో ఉన్నవాళ్లు విననట్టు నటించాలి.

"అక్క ఉన్నన్నాళ్లూ వేరమ్మా. ఇప్పుడు ఏ వరసన ఉంటావక్కడ?" అంటున్నాడు కొడుకు. "అడిగినవాళ్లకి నాకు సమాధానం తోచట్లేదు."

అత్తగారు కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టారు. తర్వాత "ఆదివారం ఎన్నింటికి వస్తావు?" అన్నారు.

ఏ వరసన. మాస్టారు ఆ మాట దగ్గర ఆగిపోయారు. కూతురు ఉంటే అత్తగారు, అల్లుడు. కూతురే లేకపోతే ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పే మాట ఆయనకు దొరకలేదు. మాటలు చెప్పి బతికే మనిషికి ఇది చిన్న విషయం కాదు. "ఉండండి" అంటే సరిపోతుందని ఆయనకూ తెలుసు. ఆ ఇంట్లో తన భార్య అడుగుల చప్పుడు గుర్తున్నవాళ్లు తను కాక ఆవిడొక్కరే. కానీ ఆ "ఉండండి"ని ఆవిడకు చేరవేసే మనిషి ఏది? పోనీ ఉండమంటే, కొడుకు దగ్గరికి వెళ్లాలని ఆవిడకు ఉండి, మొహమాటానికి ఆగిపోతే?

అందుకని మాస్టారు నమ్మకమైన బ్యాటరీ కోసం వెతకడం మొదలుపెట్టారు. నమ్మకమైనది అంత తొందరగా దొరకదని ఆయన నమ్మకం.

సందు చివర మెకానిక్ వచ్చి పాత బ్యాటరీ విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "ఇదే కొలత, ఇన్నే వోల్టులు, ప్లస్సు ఇదే పక్కన. ఈ మూడూ కలిస్తే ఏదైనా తెచ్చుకోండి మాస్టారూ. ఇంతోటి దానికి ఆలోచన అక్కర్లేదు."

ఆలోచన అక్కర్లేదన్న మాట మాస్టారికి నచ్చలేదు. సాయంత్రం బడి నుంచి రాగానే పాత బ్యాటరీని గుడ్డసంచీలో వేసుకుని బయల్దేరారు. గుమ్మం దగ్గర అత్తగారు చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఇలాంటివి కొనేటప్పుడు రెండో మనిషి ఉంటే మంచిదిట," అన్నారు గేటుతో.

మొదటి కొట్టులో కుర్రాడు అద్దాల బల్ల మీద కొత్త బ్యాటరీ పెట్టి, పక్కన పాతది పెట్టి, ఇక కొనడమే తరువాయన్నట్టు చేతులు దులుపుకున్నాడు. అత్తగారు దాన్ని అన్ని వైపులా తిప్పి చూశారు, వేలి కణుపుతో తట్టి చూశారు.

"ఇది ఎప్పుడు తయారైందో అడగాలిట."

కుర్రాడు మాస్టారివైపు చూశాడు. "ఎవరు అడగాలండీ?"

"నేనే. ఎప్పుడు తయారైంది?"

పైన అచ్చుకొట్టిన అంకెలను కుర్రాడు బొటనవేలితో మూసి పట్టుకున్నాడు. మాస్టారు కాపీ కొట్టే పిల్లల చేతులు ఎన్నో చూసినవారు. ఆ వేలు తీయించారు. పోయినేడు సరుకు.

"అలమారులో ఉన్నంత మాత్రాన ఏమీ కాదండీ, సీలు విప్పలేదుగా."

"కదలకుండా ఏడాది కూర్చున్నది లేచి పనిచేస్తుందని నమ్మకం లేదుట," అన్నారు అత్తగారు.

"లేదుట," అన్నారు మాస్టారు.

ఇద్దరూ హాయిగా ఇంటికి వచ్చేశారు.

రెండో రోజు రెండో కొట్టు. అక్కడ సరుకు తాజాదే. ప్లస్సు కూడా సరైన పక్కనే ఉంది. మాస్టారు జేబులోంచి బడి స్కేలు తీసి కొలిచారు. కొత్తది పాతదానికన్నా కాస్త ఎత్తు.

"సీటు గట్టిగా నొక్కి మూస్తే సరిపోద్దండీ," అన్నాడు కొట్టాయన.

"నొక్కి కూర్చోబెట్టింది ఏదీ కుదురుగా ఉండదుట," అన్నారు అత్తగారు. ఆ మాట బ్యాటరీ గురించేనా అని మాస్టారికి అనుమానం వచ్చింది కానీ అడగలేదు. స్కేలు జేబులో పెట్టుకున్నారు.

మూడో రోజుకి వీధిలో అందరికీ తెలిసిపోయింది. "ఏం మాస్టారూ, బ్యాటరీకి ఊరు చూపిస్తున్నారా?" అని ఇస్త్రీ బండివాడు పలకరించాడు. సంచీ బరువుకు మాస్టారి కుడి భుజం కిందికి దిగింది. అత్తగారు సంచీ చెవి ఒకటి తను పట్టుకున్నారు. చెరో చెవీ పట్టుకుని, నడుమ చచ్చిన బ్యాటరీ ఊగుతూ ఉండగా, ఇద్దరూ బజారంతా నడిచారు. దారిలో మాటలేమీ లేవు. కానీ మాస్టారికి చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

మూడో కొట్టు యజమానిని బజారులో అందరూ పూచీ అంటారు. నోరు తెరిస్తే "నాదీ పూచీ" అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"మూడేళ్ల గ్యారంటీ. నాదీ పూచీ."

"గ్యారంటీయా, వారంటీయా?" అన్నారు మాస్టారు.

"రెండూ ఒకటేనండీ. పలకడంలో తేడా."

"కాదు. పాడైతే కొత్తది ఇస్తారా, బాగుచేసి ఇస్తారా?"

"మొదటి ఏడాది పాడైతే కొత్తదిస్తాం. తర్వాత పాడైతే చూస్తాం."

"చూస్తాం అంటే?"

"చూస్తామండీ." పూచీ కాసేపు ఆలోచించాడు. "కళ్లతో."

మాస్టారు సంతృప్తిగా తల ఊపి సంచీ అందుకున్నారు. మాటకు కట్టుబడని కొట్టులో కొనకూడదని ఇంటికొస్తూ గట్టిగానే అనుకున్నారు.

ఆ సాయంత్రమే బావమరిది ఫోను. "ఇంకా కొనలేదా? బావా, పెళ్లి సంబంధం కూడా ఇంత వెతకరు."

"నమ్మకమైనది కావాలని…"

"మీవల్ల కాకపోతే చెప్పండి, ఆదివారం నేనే ఇక్కణ్ణుంచి ఒకటి కొనుక్కొచ్చి బిగించేస్తాను."

ఇక తప్పించుకునే దారి లేకపోయింది. శనివారం పొద్దున ఇద్దరూ మళ్లీ పూచీ కొట్టుకు వెళ్లారు. అతను ఈసారి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. తాజా సరుకు. స్కేలుకు సరిగ్గా అతికింది. ప్లస్సు సరైన పక్కనే ఉంది. నీళ్లు పోసే పని లేనిది. మీటరు పెట్టి చూపిస్తే ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది. గ్యారంటీ మాటను కూడా పూచీ ఈ రెండు రోజుల్లో చదువుకుని వచ్చినట్టున్నాడు, కాగితం మీది షరతులు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

మాస్టారు అత్తగారి వైపు ఆశగా చూశారు. ఆవిడ బ్యాటరీని ఎత్తి చూశారు, దించి చూశారు, వాసన చూశారు.

"రంగు…" అన్నారు.

"అన్నీ నలుపేనమ్మా," అన్నాడు పూచీ.

ఆవిడ ఇంకాసేపు వెతికారు. చివరికి, "బాగానే ఉందిట," అన్నారు.

మాస్టారు బేరమాడకుండా డబ్బు ఇచ్చేశారు. పూచీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఈ కొట్టులో నకిలీ సరుకు కొన్నవాళ్లు కూడా ఇంత దిగాలుగా వెళ్లలేదండీ," అన్నాడు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. సీటు కింద బ్యాటరీ కూర్చోబెట్టి, ఎర్ర తీగ ముందు, నల్ల తీగ తర్వాత బిగించాడు. పని చేస్తూ ఉపన్యాసం ఇవ్వడం అతని అలవాటు. "ఈ నల్ల తీగ వదులైందనుకోండి మాస్టారూ, ఎంత కొత్త బ్యాటరీ ఉన్నా లేనట్టే. అంతా ఈ స్క్రూలో ఉంది." మాస్టారు వంగి ఆ స్క్రూను శ్రద్ధగా చూశారు. అప్పటికి ఆయన మనసులో ఏ దురాలోచనా లేదు.

మెకానిక్ తాళం తిప్పి మీట నొక్కాడు. బండి ఒక్కసారి దగ్గి, లేచింది.

వసారా గోడలకు కొట్టుకుని ఆ చప్పుడు ఇల్లంతా నిండింది. ఆమె ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దుగూకే వేళకి వీధి మలుపులో మొదలై, గేటు దాకా వచ్చి ఆగే చప్పుడే. అత్తగారు గబగబా లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి టీ గిన్నె పెట్టారు. నీళ్లు పోశారు. చక్కెర డబ్బా మూత తీశారు. అప్పుడు చెయ్యి ఆగింది. కాసేపు అలాగే నిలబడి, పొయ్యి ఆర్పేశారు.

మాస్టారు కిటికీలోంచి చూశారు. చూసి, బండి అద్దం మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

"అయ్యో, ఆర్పేశారేంటమ్మా," అన్నాడు మెకానిక్, బండి ఆపి. "టీ నాకనుకున్నానే."

అత్తగారు మళ్లీ పొయ్యి వెలిగించారు.

ఆదివారం పొద్దున్నే మాస్టారు లేచి చూసేసరికి ముందుగదిలో అత్తగారి సంచీలు రెండు కట్టి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని మీద మడతపెట్టిన శాలువా ఉంది. మాస్టారు ఆ శాలువాకేసి చాలాసేపు చూశారు. తర్వాత ఆయన జీవితంలో మొదటిసారి దొంగతనంగా ఒక పని చేయబోయారు.

బండి తాళం మేకుకు లేదు. వెతగ్గా వంటింటి అలమారులో, ఉప్పు డబ్బా పక్కన దొరికింది. అక్కడికి ఎలా వెళ్లిందో ఆలోచించే తీరిక లేదు. స్క్రూడ్రైవరు కనపడలేదు, కూరగాయల కత్తి తీసుకున్నారు. తాళం తిప్పి సీటు ఎత్తారు. నల్ల తీగ స్క్రూకు కత్తి మొన ఆనించి తిప్పారు. ముందు బిగించే వైపు తిప్పారు. తర్వాత ఏది విప్పే వైపో గుర్తుచేసుకుని అటు తిప్పారు. ఎనిమిదో తరగతి పిల్లాడు సమాధానం పక్కవాడికి చూపించేటప్పుడు చెవులు ఎలా ఎర్రబడతాయో, మాస్టారి చెవులు అలా ఎర్రబడ్డాయి.

సీటు మూసి లోపలికి రాగానే గుమ్మంలో అత్తగారు ఎదురయ్యారు. ఆవిడ ఆయన చేతిలోని కత్తి వంక చూశారు.

"టమాటాలు…" అన్నారు మాస్టారు. "టమాటాలు తరగాలిట."

"ఇంట్లో టమాటాలు లేవుట," అన్నారు అత్తగారు. ఇంకేమీ అడగకుండా పక్కకు జరిగి దారి ఇచ్చారు.

బావమరిది పొద్దుటి బస్సులోనే దిగాడు. ఒక హెల్మెట్ తలమీద, ఇంకొకటి చేతిలో. బస్సులో కూడా హెల్మెట్ తీయలేదని అతని జుట్టు చూస్తేనే తెలిసింది. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. టీ తాగుతూనే సంచీలు బండికి కట్టేశాడు. తల్లి చేత హెల్మెట్ పెట్టించాడు. ఆవిడ గడ్డం కింద పట్టీ బిగించుకుని, యుద్ధానికి పంపుతున్న మనిషిలా గోడవారగా నిలబడ్డారు.

అతను తాళం తిప్పి మీట నొక్కాడు. టిక్కుమనే చప్పుడు కూడా రాలేదు. మళ్లీ నొక్కాడు. లైటు వెలగలేదు, హారను మోగలేదు.

"నిన్న లేచింది," అన్నారు మాస్టారు. అది నిజమే కాబట్టి గట్టిగా అన్నారు.

మెకానిక్‌ని పిలిపించారు. అతను పక్కమీదనుంచి లేచి వచ్చాడు, చొక్కా తిరగేసి వేసుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "సెల్ఫు మోటారు పోయింది. నేను నిన్ననే అనుకున్నా," అన్నాడు.

"లైటు కూడా వెలగట్లేదుగా," అన్నాడు బావమరిది.

"అయితే లైటు కూడా పోయింది."

"హారనో?"

మెకానిక్ ఆ దారిలో ఇంకా ముందుకు వెళ్లడం మానుకుని సీటు ఎత్తాడు. నల్ల తీగ దానంతటదే చేతిలోకి వచ్చింది. అతను దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇదీ సంగతి. నిన్న నా చేత్తో బిగించాను. ఇది తనంతట తను ఊడేది కాదు. ఎవరో విప్పారు."

బావమరిది బావగారి వైపు చూశాడు. మాస్టారు ఆకాశంలో ఏదో పక్షి వెళ్తున్నట్టు చూశారు. పక్షి ఏమీ లేదు.

మెకానిక్ తీగ బిగించాడు. అయిపోయింది, అనుకున్నారు మాస్టారు. చేతనైనంత చేశాం. బావమరిది మీట నొక్కాడు.

ఏమీ కాలేదు.

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయినవారు మాస్టారే. ఆయన రెండడుగులు ముందుకేసి బండిలోకి తొంగిచూశారు. మెకానిక్ మీటరు తెచ్చి బ్యాటరీ మీద పెట్టాడు. ముల్లు నిటారుగా లేచింది. "బ్యాటరీ బంగారంలా ఉంది," అన్నాడు, తనే తయారుచేసినట్టు. పక్కనున్న చిన్న నల్ల డబ్బా మూత తీశాడు. తీసి, లోపలికి చూసి, తల గోక్కున్నాడు.

"ఫ్యూజు లేదు."

"కాలిపోయిందా?"

"కాలడానికి ఉంటే కదా. అసలు లేదు. పక్కన స్పేరు ఫ్యూజొకటి ఉంటుంది, అదీ లేదు." మెకానిక్ గొంతులో గౌరవం లాంటిది వినిపించింది. "దొంగెవడో గానీ తెలిసినవాడు. స్పేరు కూడా వదల్లేదు."

బావమరిది ఈసారి తిన్నగా మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బావా."

"ఫ్యూజు నేను కాదు," అన్నారు మాస్టారు. "నేను తీగ ఒక్కటే."

ఆ మాట నోటినుంచి వెళ్లిపోయాక గానీ అదేమిటో ఆయనకు వినపడలేదు. మెకానిక్ స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

అప్పుడు హెల్మెట్ లోపలినుంచి చిన్న దగ్గు వినిపించింది. అత్తగారు కళ్లజోడు పెట్టె తెరిచారు. అందులో కళ్లజోడు లేదు. వేలిగోరంత ఫ్యూజులు రెండు ఉన్నాయి. వాటిని కొడుకు అరచేతిలో పెట్టారు.

"అమ్మా," అన్నాడు కొడుకు మెల్లిగా. "ఫ్యూజు ఎక్కడుంటుందో నీకెలా తెలుసు?"

"మీ అక్క చూపించింది. ఒకసారి దారిలో బండి ఆగిపోతే నా చేత టార్చి పట్టించి తనే మార్చుకుంది. స్పేరు కూడా ఉంటుందమ్మా, భయపడకు అంది. అందుకని రెండూ తీశాను."

"రావడం ఇష్టం లేకపోతే రానని ఒక్క మాట చెప్తే పోయేదిగా."

"ఎలా చెప్పను? ఉండమని ఎవరైనా అంటే కదా? కూతురు లేని ఇంట్లో నా అంతట నేనే ఉంటానంటే ఏం బాగుంటుంది? ఏ వరసన అని నువ్వే అడిగావు."

బావమరిది ఇటు తిరిగాడు. "మరి మీరేంటి బావా?"

"ఆవిడ బయల్దేరుతుంటే వద్దనడానికి నేనెవర్ని?" అన్నారు మాస్టారు. "ఒకవేళ ఉండాలని ఉంటే, మాకేమీ… అంటే ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదని చెప్పు."

"నేను చెప్పను." బావమరిది హెల్మెట్ తీసి బండి మీద పెట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం కోపంగానే ఉంది. "అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోయడానికి నేను అక్కను కాను. నాకంత ఓపిక లేదు. అదుగో మా అమ్మ, రెండడుగుల్లో ఉంది. హెల్మెట్ ఉంది కాబట్టి కొంచెం గట్టిగా చెప్పండి."

మాస్టారు ఒక అడుగు ముందుకేశారు. ఇన్నేళ్లలో ఆవిడను ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాలేదు. ఏమని మొదలుపెట్టాలో తెలియక, తెలిసిన ఒకే ఒక్క వరసతో మొదలుపెట్టారు.

"అత్తయ్యగారూ. మీరు వెళ్లొద్దు."

వాక్యం అక్కడితో అయిపోయింది. దాని చివర ఏమీ లేదు.

అత్తగారు గడ్డం కింది పట్టీ విప్పడానికి తంటాలు పడి, విప్పి, హెల్మెట్ తీసి, సూటిగా ఆయన మొహంలోకి చూశారు. "ఆ మాట మొన్న సోమవారమే అనుంటే ఆ బరువంతా మోసుకుని బజారులో తిరిగేవాళ్లం కాదు," అన్నారు. "భుజం ఇంకా నొప్పిగా ఉందా?"

"కొంచెం ఉంది."

"రాత్రి కాపడం పెడతాను."

బావమరిది సంచీల తాళ్లు విప్పుతూ, "మరి అడిగినవాళ్లకి ఏ వరసని చెప్పమంటావు?" అన్నాడు, సగం నవ్వుతూ.

"అత్తా అల్లుడు అని చెప్పు. వినకపోతే ఆ పూచీ దగ్గరికి పంపు. 'మీ అబ్బాయికి మీరైనా చెప్పండమ్మా' అన్నాడు నాతో, ఈయన్ని చూపించి. నేను కాదనలేదు." అత్తగారు శాలువా దులిపి భుజాన వేసుకున్నారు. "నీ దగ్గరికీ వస్తానురా. వస్తాను, ఉంటాను, తిరిగొస్తాను. మొహం అలా పెట్టకు."

మెకానిక్ ఫ్యూజు పెట్టాడు. మీట నొక్కగానే బండి లేచింది. అతను దాన్ని కాసేపు విని, ఆపి, చేతులు తుడుచుకున్నాడు. "మీ ఇంటి గొడవ మీది గానీ, ఒక్క మాట. ఈ బండిని మళ్లీ నిలబెట్టేశారంటే ఇంత వెతికి తెచ్చిన బ్యాటరీ కూడా కూర్చుండిపోతుంది. ఎవరో ఒకరు నడపాలి. బావమరిదిగారు తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తే అమ్మని నా దగ్గరికెవరు తెస్తారు?" అన్నాడు బావమరిది. "బండి ఇక్కడే ఉండాలి."

ముగ్గురూ మాస్టారి వైపు తిరిగారు.

"నాకు సైకిలు వచ్చు," అన్నారు మాస్టారు, భయపడుతూ.

ఆ మధ్యాహ్నం ఖాళీగా ఉన్న బడి ఆటస్థలంలో బావమరిది ఆయనకు బండి నేర్పాడు. మాస్టారు క్లచ్చి వదలగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. మళ్లీ మీట, మళ్లీ గెంతు. పాఠాలు చెప్పడమే తప్ప నేర్చుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. బావమరిది పక్కన పరిగెడుతూ, "బావా, అది క్లచ్చి, సుద్దముక్క కాదు, అంత గట్టిగా పట్టుకోకండి," అని అరుస్తున్నాడు. అత్తగారు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. బండి ఆగిన ప్రతిసారీ మీట నొక్కితే బ్యాటరీ విసుక్కోకుండా లేపుతూనే ఉంది. సాయంత్రానికి బండి గెంతడం మానేసి, మాస్టారు చెప్పిన వైపు కదలడం మొదలుపెట్టింది. రెండో గేరు వేయబోతే మాత్రం పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది.

ఎండ తగ్గాక అత్తగారు లేచి వచ్చి వెనక సీటు మీద కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, నాకు మొదటి గేరే వచ్చు."

"ఇల్లు మొదటి గేరు దూరంలోనే ఉంది. పోనివ్వండి."

మాస్టారు పోనిచ్చారు. బండి గేటు దాటి వీధిలోకి వచ్చింది. ఇస్త్రీ బండివాడు చేతిలో పెట్టె అలాగే పట్టుకుని చూశాడు. ఒక ముసలాయన చేతికర్రతో వాళ్లను దాటుకుని వెళ్లాడు. అత్తగారు వెనకనుంచి, "ముందు గుంట ఉంది, కుడివైపు… మీ కుడివైపు," అని చెబుతున్నారు. బావమరిది పక్కనే నడుస్తూ వచ్చాడు. మలుపు దగ్గర మాత్రం వాళ్లకోసం ఆగాల్సి వచ్చింది.